నేర్చుట - నేర్చుకొనుట

ప్రాచీన కావ్యభాషలో ‘నేర్చు’ ధాతువునకు రెండర్థములు గలవు: విద్యను గ్రహించుట ఒకటి, సమర్థుడగుట రెండవది. ‘పాడనేర్చును’ అనగా పాడగలడని భావము. ‘చేయనేరడు’ అనగా చేయజాలడని భావము. విద్యకు ఫలము సామర్థ్యమే కావున ఒక్క మాటయే రెంటికిని చాలెను. ‘నేర్పు’ క్రియయైనచో బోధించుట, నామమైనచో చాతుర్యము.

కాలక్రమమున ఈ యర్థములు విడివడినవి. గ్రహించుటకు ‘కొను’ చేరి ‘నేర్చుకొను’ నిలిచినది. ఫలము అభ్యాసకునికే చెందుట అందు స్ఫురించును. సామర్థ్యమును వ్యవహారమున ‘వచ్చు’ అనునది తెలుపుచున్నది. ‘వాడు ఈత నేర్చుకొన్నాడు’ అన్నచో వాడు కర్త. ‘వానికి ఈత వచ్చును’ అన్నచో ఈతయే కర్త. శ్రమ మనుష్యునిది, రాక విద్యది.

తమిళ ‘కల్’, కన్నడ ‘కలి’ ధాతువులకు జ్ఞాతియైన ‘కఱచు’ వ్యవహారమున లుప్తమైనది; ఆ మాట విన్న నేటి చదువరికి కాటే తోచును.

కావున నిఘంటుకర్తలును అనువాదకులును ‘నేర్చు’నకు ‘అభ్యసించు’ అను ఒక్క యర్థమే వ్రాసి యూరకుండరాదు. ‘చేయనేర’నన్న భక్తునిచే ‘చేయుట నేర్చుకొనలేదు’ అనిపించినచో, అశక్తతను విన్నవించుకొన్నవాడు చదువు మానినవాడగును.