పెద్దవారి బైబిలు చదువు

పురాణము వినుట వేరు, పుస్తకము తెరచి తాము చదువుకొనుట వేరు. మన యిండ్ల స్త్రీలు మొదటిదానికే తరతరములుగా అలవాటు పడినవారు. పౌరాణికులు పీఠముపై కూర్చుండి అర్థము చెప్పుచుండగా, గోడవారను కూర్చుండి వత్తులు చేసికొనుచు విన్నవారే మన అమ్మమ్మలు. సందేహము గలిగినను అడుగుట మర్యాద కాదు. మాకు మాత్రము తాతగారి దయవలన భారత భాగవతములును, కొంత యలంకారశాస్త్రమును ఇంటిపట్టుననే చదువు భాగ్యము గలిగెను. బడి మెట్టెక్కి యెరుగము. బడిపంతులుగారిని పెండ్లియాడుటతో ఆ కొరత తీరినదని మావారు పరిహాసమాడుదురు. ఆ చదువు మమ్మొకనాడు క్రైస్తవుల పాఠమునకు గొనిపోవునని కలలోనైన తలపలేదు.

మేముండునది శ్రీహరికోట. ఒక ప్రక్క బంగాళాఖాతము, ఒక ప్రక్క పులికాటు సరస్సు, నడుమ ఈ దీవి. 1971 అక్టోబరు 9వ తేదీన ఇచటినుండి మొదటి రాకెట్టు ఎగిరినది మొదలు దీని పేరు లోకమునకు దెలిసినది. మా పొరుగింటి అక్కగారు కతోలికులు. వారి పుట్టినిల్లు సరస్సునకు దక్షిణపు కొసనున్న పళవేర్కాడు. అచ్చట పోర్చుగీసువారు 1515లో కట్టించిరని చెప్పెడి మహిమమాత దేవాలయము కలదు. అట్టి పాత క్రైస్తవ కుటుంబమున బుట్టియు అక్కగారు బైబిలును చేతబట్టి చదువ నారంభించినది ఏబదియవ యేటనట! మాకిది వింతగా దోచెను.

కారణము విచారింపగా తెలిసినదేమన, కతోలికులలో చిరకాలము గ్రంథము గురువుల చేతిలోనిది, వినికిడి ప్రజలది. పూజయు లాటిను భాషలో జరిగెడిది. 1962 మొదలు 1965 వరకు రోమునగరమున జరిగిన రెండవ వాటికను మహాసభ ఈ పద్ధతిని మార్చినది. 1965 నవంబరు 18న వెలువడిన శాసనమున, గ్రంథద్వారములు విశ్వాసులందరకును విశాలముగా తెరచి యుంచవలెననియు, మూలభాషలనుండి ఆయా దేశభాషలలోనికి సరియైన అనువాదములు చేయవలెననియు విధించిరి. 1967లో అమలోర్పవదాసుగారను గురువులు బెంగుళూరున బైబిలు, సత్యోపదేశ, ఆరాధనలకొక జాతీయ కేంద్రమును స్థాపించిరి. మఠవాసులకే గాక గృహస్థులకును అచ్చట శిక్షణ మిచ్చుచున్నారు. తెలుగున యేసుసభకు చెందిన పూదోట జోజయ్యగారు బైబులు భాష్యమను పేర అనేక సంపుటములు వ్రాసిరి. అంతకు చాల ముందే, పదునెనిమిదవ శతాబ్దమున, మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను వేదాంతరసాయనమను పద్యకావ్యముగా రచించెను. మా తాతగారి బీరువాలో ఆ పుస్తకము లేకపోయె గదా యని యిప్పుడు విచారము కలుగుచున్నది.

స్త్రీలకు ఈ చదువు క్రొత్తది కాదని కూడ ఒక మాట చెప్పవలెను. బైబిలును లాటినులోనికి మార్చిన జెరోము పండితుడు 382 మొదలు 385 వరకు రోమున నున్నప్పుడు, మార్సెల్లా యను విధవారాలి యింట గొప్పయింటి స్త్రీలు చేరి ఆయనను ప్రశ్నలతో వేధించెడివారట. వారిలో పౌలా యనునామె హెబ్రీభాషయే నేర్చి ఆ కీర్తనలను మూలముననే పాడెడిది. ఇంటనే చదివిన వారమగుటచే ఈ స్త్రీలపై మాకు పక్షపాతము కలదు.

అక్కగారి పాఠము సూళ్లూరుపేటలో, నెలకు రెండు ఆదివారములు, ఒక యింటి వసారాలో జరుగును. సరస్సు నడుమ వేసిన రోడ్డుపై బస్సులో పోవలెను. రాకెట్టు ఎగురు దినములలో కట్టుబాట్లు హెచ్చగుటచే పాఠము వాయిదా పడును. అక్కగారికి చూపు మందగించినది. పైగా గ్రాంథికపు మాటలనిన భయము. "చెల్లెమ్మా, నువ్వు తోడు వచ్చి చదివిపెట్టు, అర్థం నేను చూసుకుంటా" అనిరి. మా అత్తగారు సమ్మతింపలేదు. మతములో కలిపికొందురని వారి భయము. "వ్యాకరణము చెప్పబోవువారిని ఎవరు కలిపికొందురమ్మా?" యని మావారనగా ఊరకుండిరి.

బోధించునది ఒక కన్యాస్త్రీ. వినువారు పండ్రెండుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. ఏ భాగము చదివినను ఆమె మొదట మూడు ప్రశ్నలు వేయును: దీనిని ఎవరు వ్రాసిరి? ఎవరికొరకు? ఇది ఏ జాతి రచన? చరిత్రయా, పాటయా, సామెతయా, కథయా తెలియక అర్థము చెప్పరాదట. మాకు వెంటనే ఆలంకారికుల విభాగము జ్ఞప్తికి వచ్చినది. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును, పురాణము మిత్రునివలె నచ్చజెప్పును, కావ్యము కాంతవలె మనసు కరగించును. ఆ మాట చెప్పగా సిస్టరుగారు తమ నోటుపుస్తకమున వ్రాసికొనిరి. సంవత్సరాంతమున పరీక్షలు, మార్కులు ఉన్నవి. మనుమలను ఎత్తుకొని వచ్చువారికి మార్కు లేల? మావారు మాత్రము మార్కులు లేనిదే ఎవ్వరును చదువరందురు. ఈ తగవు మా యింట ఇంకను తీరలేదు.

ఇక అసలు సంగతి. అక్కగారి ఏకైక కుమారుడు కువైటునకు పనికి పోయి నాలుగేండ్లైనది. గత ఏడాదిన్నరగా ఫోను లేదు, డబ్బు లేదు, జాడ లేదు. వారి పెనిమిటి పగలెల్ల పనికి పోయి, రాత్రి జపమాల చేబట్టి, "వస్తాడులే, ఊరుకో" యని మాత్రమనును. అట్టి సమయమున తరగతిలో తోబీతు గ్రంథము వచ్చినది. అక్కగారికి ప్రొటెస్టంటు ఆడుబిడ్డ యిచ్చిన పాత బైబిలు కలదు. అందెంత వెదకినను ఆ గ్రంథము కానరాలేదు. వారి బైబిలున అరువది యారు గ్రంథములు, కతోలికుల దానియందు డెబ్బది మూడు. ఈ తోబీతు ఆ యేడింటిలో నొకటి. క్రొత్త పుస్తకము కొని తెచ్చితిమి.

నీనెవె నగరమున చెరనున్న తోబీతు గ్రుడ్డివాడయ్యెను. భార్య అన్నా నేతపని చేసి ఇల్లు గడపును. దూరదేశమున దాచిన వెండి తెచ్చుటకు ఒక్కగానొక్క కొడుకును పంపిరి. గడువు దాటినను కొడుకు రాడు. తోబీతు ఓదార్పబోగా, తన్ను మోసపుచ్చవలదని, నోరు మూసికొమ్మని ఆమె గద్దించును. దినదినము కొడుకు పోయిన త్రోవవైపు పోయి చూచును, తిండి ముట్టదు. మేమిది చదువుచుండగా అక్కగారు మా చేతినుండి పుస్తకము తీసికొని, కన్నుల దగ్గరకు పెట్టుకొని, ఆ భాగమును కూడబలుకుకొని తామే చదివిరి. వసారాలో ఎవరును కదలలేదు.

కథలో కొడుకు తిరిగి వచ్చును. త్రోవలో వానిని మొదట చూచినది తల్లియే. అప్పుడక్కగారు, "ఆమె కొడుకు వచ్చినాడు. నా కొడుకు రాకపోవచ్చు. అంతేనా సిస్టరమ్మా?" అని యడిగిరి. ఇది దేవుని వాగ్దానమని యొక్క మాట చెప్పినచో ఆ తల్లి యెంత సంతోషించెడిదో! సిస్టరుగారు చాలసేపు మాటాడలేదు. పిదప, ఇది చెరలోనున్న వారికి ధైర్యము చెప్పుటకు వ్రాసిన కథ యనియు, మీకు వ్రాసిన హామీపత్రము కాదనియు, రాకపోవచ్చుననియు మెల్లగా చెప్పిరి. ఒకామెకు కోపము వచ్చి, ఇట్టి మాట చెప్పుటకేనా మమ్ము పిలిచితిరని లేచిపోయినది. మాకు మాత్రము ఆ దినమునుండియే సిస్టరుగారియెడ గౌరవము హెచ్చినది.

ఆ రాత్రి అక్కగారు పెనిమిటిని కూర్చుండబెట్టి అన్నా మాటలు చదివి వినిపించిరట. జపమాలతో పాటు చేయవలసిన పని మరొకటి కలదని చెప్పిరట. మరునాడాయన మావారియొద్దకు వచ్చి, కువైటులోని మన రాయబార కార్యాలయమునకు అర్జీ వ్రాయించుకొని పోయిరి. పాస్‌పోర్టు నకలు వెదకి తీసినది అక్కగారే. జవాబింకను రాలేదు.

మొన్న వంటయింట మా అత్తగారు, ఎవరును వినకుండ, "ఆ త్రోవ చూచెడి తల్లి కథ ఏమైనది? పిల్లవాడు ఇల్లు చేరినాడా?" అని మమ్మడిగిరి. చెప్పితిమి. వచ్చు నెల తరగతిలో మక్కబీయుల గ్రంథము. అందు యుద్ధములే మెండని విని అక్కగారు ఇప్పటినుండియే విసుగుకొనుచున్నారు.