చెరగని ప్రత్యయం

నైలు నదికి తూర్పు గట్టు బ్రతికినవారిది, పడమటి గట్టు పోయినవారిది. సూర్యుడు అస్తమించే దిక్కు కనుక ప్రాచీన ఈజిప్టువారు తమ రాజులను పడమటి కొండల్లో దాచుకున్నారు. మనకు యముని దిక్కు దక్షిణం, వారికి పశ్చిమం. దుబాయిలో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టి టిక్కెట్లు కొని పంపగా, నిరుడు మాఘమాసంలో నేనూ మా శ్రీమతీ లక్సరు నగరంలో ఒక పగలంతా ఈ రెండు గట్లూ తిరిగాము.

వ్యానులో మాతో కలిపి ఎనిమిది మందిమి. గైడు ముప్పై ఏళ్ళు నిండని కుర్రవాడు. వినయశీలి. మా శ్రీమతిని మాటకు ముందు "మామా" అంటున్నాడు. అక్కడ పెద్దవయసు స్త్రీలను అమ్మా అని పిలవడం అట్లాగట. "ఇతగాడికి నేను మామనెట్లా అయ్యానండీ?" అని ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

మొదట రాజుల లోయ. గడ్డిపోచ మొలవని కొండల నడుమ అరవైకి పైగా సమాధులు. సామాన్యమైన టిక్కెట్టుతో మూడింటిలోకే ప్రవేశం. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటంఖామన్ సమాధికి వేరే రుసుము. మేము దాని జోలికి పోలేదు. నాలుగవ రామెసెస్ సమాధి మాత్రం మోకాళ్ళ నొప్పులవారికి అనుకూలం, మెట్లు లేకుండా వాలుగా దిగుతుంది. మూడువేల ఏళ్ళనాటి పసుపు, నీలం రంగులు నిన్న పూసినట్టున్నాయి. లోపలి కప్పు మీద ఆకాశదేవత నూట్ ఒళ్ళు చాచుకొని ఉన్నది. సాయంకాలం సూర్యుణ్ణి మింగి, రాత్రంతా కడుపున మోసి, తెల్లవారి మళ్ళీ కంటుందట. సూర్యోదయాన్ని ప్రసవంగా ఊహించిన ఆ చిత్రకారుని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అదే సమాధి గోడల మీద గ్రీకు, లాటిను భాషల్లో పూర్వపు యాత్రికులు గీకిన పేర్లు కోకొల్లలు. కోట గోడల మీద పేర్లు చెక్కే విహారయాత్ర పిల్లలను నేను ఎన్ని మార్లు గద్దించానో! రెండువేల ఏళ్ళు ఆగితే ఆ గీతలూ శాసనాలే అవుతాయి కాబోలు.

రాజుల పేర్ల చుట్టూ మాత్రం ఒక తాడు మెలివేసి చుట్టినట్టు అండాకారపు గీత ఉంటుంది. దేహం, నీడ, ప్రాణం వలెనే పేరు కూడా మనిషిలో ఒక భాగమని వారి నమ్మకం. పేరు చెరిగితే పరలోకంలోనూ ఉనికి లేదు. అందుకే ఆ తాటి కాపలా. గైడు ఈ మాట చెప్పినప్పుడు మా శ్రీమతి తల ఊపింది. ఎందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు.

తరువాత హత్షెప్సుట్ రాణి ఆలయం. నిట్టనిలువు కొండ మొదట్లో మూడు అంతస్తులుగా తీర్చిన వేదికలు. భర్త రెండవ తుత్‌మోస్ పోయాక, సవతి కొడుకు పసివాడు కనుక పాలన చేపట్టి, తరువాత తానే కిరీటం పెట్టుకొని, క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో సుమారు ఇరవై ఏళ్ళు ఏలింది. శిల్పాల్లో పురుషవేషం, పెట్టుడు గడ్డం. రెండవ అంతస్తు గోడ మీద పుంట్ దేశానికి ఓడలు పోయిన కథ ఉన్నది. అక్కడి సుగంధవృక్షాలను వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టి ఓడలకెక్కిస్తున్నారు. "మన కడియం నర్సరీలో వేళ్ళకు మట్టిముద్ద కట్టి ఇచ్చినట్టే ఉన్నదండీ" అన్నది మా శ్రీమతి.

ఆ గోడల మీదే రాణి బొమ్మను, పేరును ఉలితో చెక్కివేసిన చోట్లు గైడు చూపాడు. కొన్నిచోట్ల తాటి చుట్టు అట్లాగే ఉంచి, లోపలి పేరు తీసివేసి, ఆమె తండ్రిదో భర్తదో పేరు చెక్కారు. ఆ సవతి కొడుకు మూడవ తుత్‌మోసే చేయించాడట. పగతో చేశాడని పూర్వం అనుకునేవారు. కానీ ఆమె పోయిన సుమారు ఇరవై ఏళ్ళకు గాని ఇది మొదలు కాలేదు. తన కొడుకు వారసత్వానికి అడ్డు రాకూడదని చేశాడన్నది ఇప్పుడు చాలామంది పండితుల మాట. నాకూ అదే సబబనిపించింది. పగ అంతకాలం ఆగదు.

నన్ను కట్టిపడేసినది మరొకటి. 1829లో ఇక్కడికి వచ్చిన షాంపోల్యో, చిత్రలిపిని చదివిన ఆ మహానుభావుడు, ఈ శాసనాలు చూసి తెల్లబోయాడు. బొమ్మ చూస్తే గడ్డమున్న రాజు. నామాలు, క్రియలు చూస్తే స్త్రీలింగం! పేరు చెక్కినవారు ప్రత్యయాన్ని వదిలేశారు. స్త్రీలింగానికి వారి గుర్తు 'త్', చిన్న రొట్టె ఆకారంలో ఉంటుంది. ఇంతటి రాణి జాడను ఆ రొట్టెముక్క నిలబెట్టింది. జీవితమంతా పిల్లలకు ప్రత్యయాలు వల్లె వేయించిన నాకు ఎంత సంతోషం కలిగిందో పాఠకులు ఊహించగలరు. మన భాషలో అయితే దొరికేది కాదు. మన వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని ఆవు సరసన నిలబెట్టి "వచ్చింది" అంటుంది. గౌరవించి "వారు విచ్చేసినారు" అన్నామా, ఆడో మగో ఆనవాలే ఉండదు.

మా శ్రీమతి ఆ చెక్కివేసిన చోటనే నిలబడి, "పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టారా?" అని రెండుసార్లు అడిగింది.

మెమ్నాన్ విగ్రహాలను వ్యాను దిగి పది నిమిషాలు చూశాము. భోజనాలయ్యాక తూర్పు గట్టున కర్ణాక్. నూట ముప్పైనాలుగు స్తంభాల మంటపం, నడిమి పన్నెండూ సుమారు 21 మీటర్ల ఎత్తు. ఆ అడవి దాటితే హత్షెప్సుట్ నిలిపిన ఏకశిలా స్తంభం, సుమారు ముప్పై మీటర్లు. కనబడకుండా దాని చుట్టూ తరువాత గోడ కట్టించారు. ఆ గోడే దానికి రక్షణ అయిందని గైడు అన్నాడు.

అక్కడ నీడపట్టున కూర్చున్నప్పుడు అతడు పుస్తకం తీసి, ఒక్కొక్కరి పేరు అడిగి చిత్రలిపిలో వ్రాసి కాగితం చించి ఇవ్వసాగాడు. నా పేరు చెప్పాను. మా శ్రీమతి చెప్పిన పేరు విని ఆమె వైపు తిరిగాను. అది పుట్టింటివారు పెట్టిన పేరు.

మా పెళ్ళి 1981లో. ఆమె పేరూ మా అమ్మ పేరూ ఒకటే. అత్తగారి పేరు పెట్టి కోడలిని పిలవడం, కసరడం ఇంట్లో ఎవరికి నోరాడుతుంది? అందుకని కోడలి పేరు మార్చడం మా వైపు ఆచారం. కొత్త పేరు మా అమ్మే పెట్టింది. రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు అన్నీ ఆ పేరు మీదనే. పాత పేరుతో పిలిచేవారు పుట్టింటివారే. వారిలో చివరిది, ఆమె అక్కగారు, 2019లో పోయింది.

ఆ పేరు ఇక్కడ వ్రాయను, ఆమెకిష్టం ఉండదు. చివర 'అమ్మ' ఉన్నదని మాత్రం చెప్పవచ్చు. వారి లిపిలో మకారానికి గుర్తు గుడ్లగూబ. కనుక రెండు గుడ్లగూబలు పక్కపక్కన కూర్చున్నాయి. వాటి పక్కన స్త్రీ పేరని తెలిపే గుర్తుగా కూర్చున్న స్త్రీ బొమ్మ. చుట్టూ తాడు గీశాడు. పైకి చదివాడు, తప్పు పలికాడు. వారి పాత లిపిలో అచ్చులు వ్రాయరు మరి. ఆమె సరిదిద్దింది. మళ్ళీ తప్పాడు, మళ్ళీ సరిదిద్దింది. మూడవసారి స్పష్టంగా పలికాడు.

"ఆఁ" అన్నది మా శ్రీమతి, ఎవరో పిలిస్తే పలికినట్టు.

ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి పాస్‌పోర్టులో పెట్టుకున్నది.