లండన్‌లో చూసిన అమరావతి



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు వాళ్ళు అమరావతికి విహారయాత్ర పెట్టారు. మనిషికి 150 రూపాయలు. మా నాన్నకు కార్డు రాశాను. జవాబు రాలేదు. బస్సు వెళ్ళిన రోజు డబ్బు కట్టలేని ఆరుగురం హాస్టల్ వరండాలో కూర్చున్నాం. వార్డెన్ గారు మా మొహాలు చూసి ఆ పూట కోడిగుడ్లు ఉడికించి పెట్టించారు. ఆ గుడ్లు గుర్తున్నాయి గాని అమరావతి మాత్రం చూడలేదు.

తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పై చదువుకి ఇంగ్లండు వెళ్ళాను. ఒక ఆదివారం లండన్ బయలుదేరాను. మొదట చూసింది కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇల్లు. బాబాసాహెబ్ 1921-22లో అక్కడ ఉన్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో ఆ ఇంటిని కొని స్మారక మందిరం చేసింది. గుమ్మం బయటే చెప్పులు విడవబోయి, ఇక్కడ ఆ అలవాటు లేదేమోనని ఆగాను. చివరికి విడిచే వెళ్ళాను.

ఆయన రోజంతా చదువుకున్నది బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో అని మనమందరం చదివాం కదా! అందుకని మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. టికెట్ ఎంత ఉంటుందోనని గేటు దగ్గర జేబు తడుముకున్నాను. ప్రవేశం ఉచితమట. గుండ్రటి పఠన మందిరాన్ని బయటి నుంచి చూసి, గదులన్నీ తిరుగుతూ 33ఎ నంబరు గదికి చేరాను. అద్దాల వెనక తెల్లటి పలకలు, తామరపూలు, స్థూపాల బొమ్మలు. పేరు చదివాను. అమరావతి!

నాకు కాళ్ళు ఆడలేదు. మన ఊరి నుంచి రెండు గంటల దారి. అక్కడ చూడలేనిది ఇక్కడ చూస్తున్నాను. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసు పంపిన రాళ్ళివి. 1859లో ఓడల్లో లండన్ చేరాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. అంటే బాబాసాహెబ్ చదువుకుంటున్న రోజుల్లో కూడా ఇవి ఈ కట్టడంలోనే ఉన్నాయి. 1956లో బౌద్ధం స్వీకరించిన ఆ మహానుభావుడు పుస్తకం మూసి ఎప్పుడైనా వీటి ముందు నిలబడ్డారా? ఆ ఆలోచన నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

యూనివర్సిటీకి తిరిగి వచ్చాక లైబ్రరీలో అమరావతి శాసనాల పుస్తకం తీశాను. ఒక శాసనం దగ్గర ఆగిపోయాను. అందులో దాత పేరు విధికుడు. వృత్తి చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి ఒక పలకను స్థూపానికి దానం చేశాడు. ఆ పలక మీద చెక్కింది పూర్ణఘటం. మన ప్రభుత్వ చిహ్నంలో కనిపించే పూర్ణకుంభమే!

ఆనాటి వృత్తీ ఈనాటి కులమూ ఒకటేనని నేను అనను. కాని మా నాన్న బస్టాండు దగ్గర చెప్పులు కుట్టి నన్ను పెంచాడు. స్కూల్లో ఎవరైనా "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే "వ్యాపారం" అని చెప్పేవాణ్ణి. విధికుడు తన వృత్తిని రాతి మీద చెక్కించుకున్నాడు. రెండు వేల ఏళ్ళ నాటి ఆ మనిషి ముందు నేను సిగ్గుపడ్డాను.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"చెప్పులు కుట్టేవాడి పేరు రాతి మీద ఉందంట్రా?" అన్నాడు.

"ఉంది నాన్నా. వాళ్ళ నాన్న పేరు కూడా ఉంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ కార్డు అప్పుడు అందింది రా. జవాబు ఏమని రాయించాలో తెలియలేదు" అన్నాడు.

చదువు ముగించి వచ్చాక మొదట చేసిన పని నాన్నను అమరావతికి తీసుకెళ్ళడం. స్థూపం ఉన్నచోట ఇప్పుడు దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్ళు మిగిలాయి. పక్కనే మ్యూజియం ఉంది. ఆయన ప్రతి పలక దగ్గరా ఆగి, "ఇది ఎవరిచ్చారు?" అని అడిగాడు. రాజు ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

తమ్ముళ్ళారా! ఎంత దూరమైనా వెళ్ళండి, కనబడిన మ్యూజియంలోకల్లా ధైర్యంగా అడుగు పెట్టండి. మీ నాన్న చేసే పని పేరు ఉన్నదున్నట్టు చెప్పండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈ ఏడాది నుంచి మన హాస్టల్ పిల్లల విహారయాత్ర ఖర్చు మనమే పెట్టుకుందాం. నా వంతు వార్డెన్ గారికి అందజేశాను. బస్సు బయలుదేరిన రోజు ఆ వరండా ఖాళీగా ఉండాలి.