స్టీరింగు కంటే ముందు పానా

మంచిర్యాల నుంచి చెన్నూరు దాదాపు 40 కిలోమీటర్లు. జైపూర్ దగ్గర సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. భీమారం మీదుగా సాగే ఈ దారి 63వ నంబరు జాతీయ రహదారి. నిజామాబాద్ వైపు నుంచి జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట మీదుగా వచ్చి, గోదావరి ఒడ్డున ఉన్న చెన్నూరును దాటి, కోటపల్లి మండలం గుండా పోయి, ప్రాణహిత వంతెన మీదుగా మహారాష్ట్రలోని సిరొంచ చేరుతుంది. అటు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ దాకా పోతుంది. లారీలు, పత్తి నింపుకున్న ట్రాలీలు, సిరొంచలో చుట్టాలింటికి పోయే కార్లు అన్నిటికీ ఇదే దారి. చెన్నూరు దాటి సరిహద్దు వైపు పోయేకొద్దీ ఊళ్లు ఎడమవుతాయి, దుకాణాలు పలచబడతాయి, రోడ్డుకు అటూ ఇటూ అడవి చిక్కబడుతుంది.

అలాంటి చోట కారు టైరులో గాలి దిగిందనుకోండి. బండిలో నలుగురున్నారు. తండ్రికి నడపడం వచ్చు, టైరు మార్చడం రాదు. తల్లికి స్టెప్నీ ఎక్కడ ఉంటుందో ఎవరూ చూపించలేదు. వెనక సీట్లో ఇంటర్ చదివే కొడుకు, పదో తరగతి బిడ్డ. ఇద్దరూ లెక్కల్లో దిట్టలు. డిక్కీలో జాకీ ఉంది, పానా ఉంది, అయిదో చక్రం ఉంది. వాటిని పట్టుకునే చేయి మాత్రం లేదు. వచ్చే పోయే లారీని ఆపి, ఆ క్లీనరును బతిమాలుకోవాలి. ఆ క్లీనరు తరచుగా వాళ్ల పిల్లలకంటే రెండు మూడేళ్లు మాత్రమే పెద్దవాడు.

మన దగ్గర పిల్లలకు బండి గురించి నేర్పడమంటే నడపడం నేర్పడమే. పద్నాలుగో ఏట స్కూటీ, పదహారో ఏట ఖాళీ మైదానంలో కారు. అయ్య పక్కన కూర్చుని క్లచ్ వదలమంటాడు. ఈ వరస తలకిందులుగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు దొరికేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి అనుమతి మాత్రమే. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులనో బండి యజమానినో దోషిగా చూస్తారు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇవ్వరు. అయినా తాళం చెవి పిల్లల చేతిలో పెట్టే ఇళ్లు ఉన్నాయి. పానా పెట్టే ఇళ్లు చాలా తక్కువ.

పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న ఆ నాలుగేళ్లే ఈ పనికి సరైన కాలం. చేతుల్లో బలం వచ్చేసి ఉంటుంది, ఏదైనా విప్పి చూడాలన్న కుతూహలం ఇంకా పోయి ఉండదు. రోడ్డు ఎక్కే హక్కు లేదు కనుక తొందర లేదు. ఇంజను ఆపి ఉన్న బండి దగ్గర నేర్చుకోవలసినది బోలెడు ఉంది.

నేర్పే గురువుల కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. చెన్నూరు లాంటి ఏ ఊళ్లోనైనా రోడ్డు పక్క పంక్చర్ షాపులో ఒక గురువు ఉంటాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో వేలితో పట్టి, అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఆరబెట్టి, గీకి, ప్యాచ్ అంటిస్తాడు. టైరు లోపలి వైపు అరచేతితో తడిమి మేకు మిగిలిందేమో చూస్తాడు. ఈ చేతి ఒడుపు ఏ పుస్తకంలోనూ దొరకదు. అలాంటి మేస్త్రీల్లో చాలామంది బడి మానేసి చిన్నప్పుడే ఈ పనిలోకి వచ్చినవాళ్లు. 2016 సవరణతో బాలకార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది, అది రావలసిన మార్పే. కానీ ఒక సంగతి మిగిలిపోయింది. షాపులో పెరిగిన పిల్లవాడికి బడి దక్కలేదు, బడిలో పెరిగిన పిల్లవాడికి పని దక్కలేదు. ఆ మేస్త్రీని నెలకో పూట బడికి పిలిచి, మాస్టారికి ఇచ్చే మర్యాద ఇచ్చి, ఆ పూట కూలి గట్టిగా చెల్లించి పాఠం చెప్పించుకోవడం ఏ హెడ్మాస్టరుకైనా సాధ్యమయ్యే పని.

పాఠం ఎలా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. మైదానంలో ఒక పాత కారు. మేస్త్రీ పిల్లలను చుట్టూ నిలబెట్టి మొదటి ప్రశ్న వేస్తాడు.

“జాకీ లేపుడు ముందా, నట్లు వదులు చేసుడు ముందా?”

“జాకీ అన్నా!” అందరిదీ ఒకటే మాట.

“లేపినంక పానా పెడితె చక్రమే తిరుగుతది బిడ్డా. చక్రం నేల మీద ఉన్నప్పుడే ఒక్కొక్క నట్టు సగం తిప్పు వదులు చెయ్యాలె. మొత్తం తియ్యద్దు.”

ఎనిమిదో తరగతి అమ్మాయి ముందుకొస్తుంది. నలభై కిలోలు ఉంటుందేమో. పానాను నట్టుకు తొడిగి రెండు చేతులతో లాగుతుంది, కదలదు. మేస్త్రీ పానా పిడి ఎడమవైపు అడ్డంగా వచ్చేలా మార్చి, దాని కొసన కాలు పెట్టి బరువు వెయ్యమంటాడు. కిర్రుమని చప్పుడొచ్చి నట్టు లొంగుతుంది. ఇందులో మాయేమీ లేదు. నలభై కిలోల బరువు దాదాపు 400 న్యూటన్ల బలం. అది 30 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తే 120 న్యూటన్ మీటర్ల తిప్పు వస్తుంది. మామూలు చిన్న కార్ల నట్లు బిగించేది కూడా కాస్త అటూ ఇటూగా అంతే. భౌతిక శాస్త్రం మాస్టారు నల్లబల్ల మీద రాసే సూత్రం ఆ అమ్మాయి పాదం కింద కదిలింది. ఇక ఆ లెక్క ఆమెకు జన్మలో మరుపు రాదు. అయితే బిగించేటప్పుడు మాత్రం కాలు వాడకూడదు. నట్టు మరలు దెబ్బతింటాయి, మరోసారి రోడ్డు మీద ఎవరికీ విప్పడానికి రాదు.

వరసలో మిగతావీ అంతే ముఖ్యం. బండిని రోడ్డు అంచు దాటించి సమతలంగా ఉన్నచోట ఆపాలి. నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమనేలా వేయాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో పెట్టి, మార్చే చక్రానికి ఎదుటి మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. లోపల ఉన్నవాళ్లందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. ఎర్ర త్రికోణం బోర్డును వెనక యాభై మీటర్ల దూరంలో, వచ్చే బండ్లకు కనబడేలా పెట్టాలి. మలుపు ఉంటే ఇంకా వెనక్కి. రాత్రి పూట, లారీలు వేగంగా వచ్చే చోట, పక్కన జాగా లేకపోతే టైరు మార్చే ప్రయత్నమే వద్దు. గాలి దిగిన టైరు మీదే మెల్లగా ముందుకు పోయి చోటు చూసుకోవాలి. టైరు, రిమ్ము పాడవుతాయి, పోనివ్వండి. జాతీయ రహదారి మీద 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చని కూడా పిల్లలకు చెప్పాలి.

చెన్నూరు చుట్టూ ఉన్న నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. వానాకాలం రోడ్డు దిగితే నేల మెత్తబడి ఉంటుంది. జాకీ తిప్పితే కారు లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది. అందుకే డిక్కీలో ఒక చెక్కపలక ఉండాలి, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉంటే చాలు. జాకీ పెట్టే చోటు కూడా ఎక్కడంటే అక్కడ కాదు. కారు పక్క అంచు కింద, ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు చిన్న గాట్లు ఉంటాయి. పిల్లలను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆ గాట్లను వేలితో తడిమించి చూపాలి. కారు జాకీ మీద ఉన్నప్పుడు దాని కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదన్న మాట ఒక్కసారి చెబితే చాలదు. ప్రతి పూటా చెప్పాలి.

ఈ ప్రాంతపు ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మే నెలలో చెన్నూరు పక్కనున్న మండలాల్లో 45 డిగ్రీలు దాటడం తరచుగా చూసేదే. ఎండాకాలంలో టైర్లకు గాలి తక్కువ కొట్టించాలని, లేకపోతే పేలతాయని ఊరంతా నమ్ముతుంది. నిజం దానికి ఎదురు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ఆ పెరుగుదలను టైరు తట్టుకుంటుంది, దాన్ని తయారుచేసిందే ఆ లెక్కతో. గాలి తగ్గితేనే ముప్పు. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి, లోపలి పొరలు ఊడిపోతాయి, బరువు మీద వేగంగా పోతున్నప్పుడు పగులుతాయి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీసిన చోట అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఆ చీటీ చదివించడం మొదటి పాఠం అయితే బాగుంటుంది, దానికి జాకీ కూడా అక్కర్లేదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని. గాళ్ల మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్ల దాకా వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. ఇవి చూపిస్తే పిల్లలు ఇంటి బండి దగ్గరికి పరుగెత్తుతారు. అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లే కారు టైరు తొమ్మిదేళ్ల నాటిదని పట్టుకొచ్చే పిల్ల ఒక్కతి ఉన్నా ఆ పాఠం ఫలించినట్టే.

బానెట్ కింద నేర్పవలసింది కొంచెమే. ఇంజను ఆపి కాసేపు ఆగి డిప్‌స్టిక్ తీయడం, గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి ఆయిలు రెండు గీతల మధ్య ఉందో లేదో చూడడం. కూలెంట్ మట్టం బయటి డబ్బాలోనే చూడడం. వేడి ఇంజను రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి, కాబట్టి ఆ మూత జోలికి పోవద్దని గట్టిగా చెప్పడం.

ఆడపిల్లలను ఈ పాఠం నుంచి పక్కకు తప్పించే అలవాటు మాత్రం మొదట్లోనే తుంచాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి అనే మహిళ భర్తతో కలిసి షాపు నడుపుతూ లారీ టైర్లు కూడా విప్పి బిగిస్తుందన్న వార్త 2021లో దేశమంతా తిరిగింది. లారీ చక్రం ఆమె నడుము దాకా వస్తుంది. దాన్ని ఎత్తదు, దొర్లిస్తుంది, ఇనుప కడ్డీతో మీటుతుంది. బలం కంటే ఒడుపు ఎక్కువ అవసరమని ఆ పని చూసినవాళ్లకు తెలుస్తుంది. 1945 ఫిబ్రవరిలో బ్రిటన్ సైన్యపు మహిళా విభాగంలో డ్రైవరుగా, మెకానిక్‌గా శిక్షణలో చేరిన ఒక అమ్మాయికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. లారీ చక్రం మారుస్తున్న ఆమె ఫొటోలు యుద్ధకాలపు పత్రికల్లో వచ్చాయి. ఆమె పేరు ఎలిజబెత్, తర్వాత రాణి అయింది. రాకుమారికి నేర్పగలిగిన విద్య చెన్నూరు పదో తరగతి అమ్మాయికి నేర్పడానికి అడ్డమేముంది?

దీన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునే పిల్లలకు దారులున్నాయి. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది. తెలంగాణ ఆర్టీసీ కూడా హకీంపేటలో, వరంగల్‌లో సొంత ఐటీఐలు నడుపుతోంది. సీబీఎస్ఈ బడుల్లో ఆటోమోటివ్ ఒక సబ్జెక్టుగానే ఉంది. కానీ మెకానిక్ కాబోని పిల్లల సంగతేమిటి? డాక్టరు కాబోయే పిల్ల, ఊళ్లోనే కిరాణా కొట్టు పెట్టుకోబోయే పిల్లవాడు కూడా రోడ్డు మీద తిరుగుతారు. వాళ్లకు కావలసింది కోర్సు కాదు, రెండు మూడు పూటలు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగం, కుమ్మరం పేర్లు అందులో ఉన్నాయి. పంక్చర్ మేస్త్రీని కూడా ఆ వరసలో కూర్చోబెట్టాలి. ఇంట్లో అయితే దసరాకు ముందు రోజు మంచి అదను. పూజ కోసం ప్రతి ఇంటా బండిని కడుగుతారు. కడిగే చేతులతోనే డిక్కీ ఖాళీ చేసి, స్టెప్నీలో గాలి ఉందో లేదో పిల్లలతో పరీక్ష చేయించవచ్చు. అయితే 2020లో నిబంధనలు మారాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. డిక్కీ తీస్తే అయిదో చక్రం బదులు చిన్న డబ్బా కనబడవచ్చు. అప్పుడు ఆ కిట్ వాడడమే నేర్చుకోవాలి.

చివరగా బిగింపు. నట్లు ముందు చేత్తోనే ఎక్కించాలి, మర సరిగా పట్టిందని వేళ్లకు తెలియాలి. చక్రం నేలకు దించాక పానాతో గట్టిగా. నాలుగు నట్లయితే ఎదురెదురుగా, అయిదయితే ఒకటి విడిచి ఒకటి. పక్కపక్కవి వరసగా బిగిస్తే చక్రం ఒరిగి కూర్చుంటుంది. యాభై అరవై కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి. స్టెప్నీ మిగతా టైర్లకంటే చిన్నదైతే దాని మీద రాసిన వేగం, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు, దాటకూడదు. దిగిన టైరును డిక్కీలో మరిచిపోకుండా తగిలిన మొదటి షాపులోనే పంక్చర్ వేయించాలి. కోటపల్లి దారిలో రెండో మేకు కూడా ఉండవచ్చు.