పోకూడని పేర్లు



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. మందిరం ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరు విండోస్ 11కు సరిపోదు, కొత్తది కొనే స్తోమత మనకు లేదు. అందుకని ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నాము.

అను ఫాంట్లలో టైపు చేసిన బాప్తిస్మపు పట్టిక తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించాయి. ఆ ఫాంటు లేనిచోట ఆ రాత చదవలేము. అందుకే పాత ప్రింటు కాగితాలు ముందు పెట్టుకొని, యౌవనస్థులు చదువుతుంటే, పెద్దలు ఇంటిపేర్లు సరిచూస్తుంటే, ఒక్కొక్క పేరే యూనికోడులో మళ్ళీ ఎక్కించాము. ప్రభువునందు నిద్రించిన వారి పేర్లు వచ్చినప్పుడు కాసేపు ఆగి వారిని తలచుకున్నాము.

యంత్రం మారినా మనవారి పేరు ఒక్కటీ పోకూడదు. ఆదివారం ఆరాధన తరువాత మీ ఇంటివారి పేర్లు సరిచూసుకోండి.