మా తండ్రి అడిగిన ప్రశ్న

మాది కొండపల్లి. తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో వాని అంగములను అతికించి, రంగులు వేయుట మా కులవృత్తి. 1984లో నేను శాంతినికేతనమునకు పోయి కళ నభ్యసింతునని చెప్పగా, మా తండ్రి ఉలి దింపకయే, "బొమ్మలు చేయుట మనకు తెలిసినదే కదరా! దానికి విశ్వవిద్యాలయ మెందులకు? అది రేపు నీకు అన్నము పెట్టునా?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేదు. అయినను మఱునాడు ఆయన పాడియావు నమ్మి ఆ సొమ్మును నా చేతిలో నుంచెను.

విశ్వభారతిలోని కళాభవనము 1919లో వెలసినది. దానిని చిరకాలము నడపిన నందలాల్ బోస్ దృష్టిలో గోడమీది చిత్రము, నేత, మట్టిపని, పండుగనాటి ముగ్గు, నాటకరంగపు అలంకారము అన్నియు ఒక్క కుటుంబములోనివే. నేను చిత్రలేఖనమునకై పోతిని. వారు మట్టి పిసుకుమనిరి, మగ్గము నెదుట కూర్చుండుమనిరి. "ఆవు నమ్మినది దీనికా?" యని లోలోన కుందితిని.

ఏటేట నందలాల్ జన్మదినమునకు ముందు, డిసెంబరు 1, 2 తేదీలలో, అచట నందన్ మేళా జరుగును. విద్యార్థులు తాము చేసిన వస్తువుల నమ్మి, ఆ ధనమును సహాయనిధికి చేర్తురు. మొదటి యేడు మా యింటి పద్ధతిని చేసిన అంబారీ ఏనుగును అచట నుంచితిని. చూచినవారు మెచ్చిరి; కొన్నవారు లేరు. ఒక పసిపాప దానిని నేలపై నడిపింపబోగా తొండము విరిగెను. నాకు దుఃఖము కలిగెను. కాని ఆ పాప కోరినదేమో తెలిసెను.

ఆ దినములలోనే సత్యజిత్ రాయ్ జీవితమును చదివితిని. ఆయన 1940లో కళాభవనమున చేరి, 1942లో చదువు ముగియక మునుపే వెడలినవాడు. పిదప ప్రకటనలకు బొమ్మలు గీచెను. పుస్తకములకు ముఖచిత్రములు వేసెను. "పథేర్ పాంచాలి" సంక్షిప్త ప్రతికి ఆయన బొమ్మలు వేసెను. 1955లో ఆ కథనే చలనచిత్రముగా వెలువరించెను. కొంతకాలమునకు తన చిత్రములకు సంగీతము సయితము తానే కూర్చుకొనెను. నేర్చిన విద్యలలో నేదియు ఆయనకు వృథా కాలేదు.

మఱుసటి యేడు ఏనుగును ముందు మట్టితో మలచి చూచుకొంటిని. పిమ్మట కఱ్ఱతో చెక్కి, రంగస్థలము కడ నేర్చిన రీతిని దారములు లాగిన కాళ్లు కదలునట్లు చేసితిని. నేను నేసిన గుడ్డను దాని వీపున కప్పితిని. దాని కథను చిన్న పుస్తకముగా అచ్చువేసితిని. సాయంకాలమునకు ఒక్క ఏనుగును మిగులలేదు.

నేడు తోలుబొమ్మలాటవలె కథ చెప్పెడి కఱ్ఱబొమ్మలు చేయుట, పిల్లల పుస్తకములకు చిత్రములు వేయుట నా జీవనాధారములు. మొదటి సంపాదనతో ఆవును కొని యింటికి తోలుకొనిపోతిని. మా తండ్రి ఆవును నిమిరి, పిదప ఏనుగు దారమును లాగి చూచెను. అది నడిచెను.

"చెక్కుట నేను నేర్పితిని, నడిపించుట అచ్చట నేర్చితివి" అనెను.