ఊపిరి లెక్క

ఫిలింనగర్ గుట్టల నడుమ పెరిగిన మా మిత్రుడొకడు సినిమా షూటింగులలో సహాయకుడుగా పనిచేస్తూ ఉండేవాడు. 1971 డిసెంబరులో విశాఖ తీరాన మునిగిపోయిన పాకిస్తాను జలాంతర్గామి కథతో 2017లో ‘ఘాజీ’ చిత్రం వెలువడినది మొదలు అతని మనస్సు నీటి అడుగుననే ఉండిపోయింది. విశాఖకు పోయి స్కూబా విద్య నేర్చి, నీటిలో తీసే సన్నివేశాలలో పనిచేయాలని అతని కోరిక.

ఒక సాయంకాలం జూబ్లీహిల్స్ బండలపై కూర్చుండగా, “భాయ్, నైట్రాక్స్ అనే గాలి ఒకటి ఉన్నది. అందులో ఆక్సిజన్ ఎక్కువ. దానితో ఎంత లోతుకైనా పోవచ్చు” అన్నాడు. ప్రాణవాయువు ఎక్కువైతే ప్రాణానికి మేలే గదా యని మేమూ తల ఊపాము. ఆ తల ఊపుటయే మా తప్పు.

పుస్తకాలు తిరగవేసిన తరువాత సిగ్గుపడ్డాము. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళు. మిగిలినది దాదాపు అంతా నత్రజని. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనమవుతుంది. ఆ ఒత్తిడికి నత్రజని రక్తమాంసాలలో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే, గోళీసోడా కొట్టగానే పొంగినట్లు, బుడగలై దేహాన్ని పీడిస్తుంది. నైట్రాక్స్‌లో ఆక్సిజన్‌ను సాధారణంగా 32 లేక 36 పాళ్ళకు పెంచి నత్రజనిని తగ్గిస్తారు. కనుక అదే లోతులో ఎక్కువసేపు ఉండవచ్చు. లాభం కాలంలోనే గాని లోతులో కాదు.

పైగా లోతుకు హద్దు తగ్గుతుంది. ఒత్తిడిలో ఆక్సిజనే విషమవుతుంది. దాని పాక్షిక పీడనం 1.4 దాటరాదని నియమం. ఆ లెక్కన 32 పాళ్ళ మిశ్రమానికి హద్దు సుమారు 33 మీటర్లు. అది మీరితే మూర్ఛ రావచ్చు. నోటిలోని గొట్టం జారితే మరణమే. ఈ విషప్రభావాన్ని తన దేహం మీదనే పరీక్షించుకొన్న శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు మన పిఠాపురం వాడే.

మరునాడు తెల్లవారకముందే మిత్రుని ఇంటికి పోయి, మా తప్పు ఒప్పుకొని, సంగతంతా చెప్పాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ అమ్మీ మాత్రం, “సిలిండరులో ఎంత ఉన్నదో ఎట్లా తెలుస్తుంది, బేటా?” అని అడిగింది. దిగబోయే వాడే యంత్రంతో స్వయంగా కొలిచి, ఆ అంకెను, హద్దు లోతును సిలిండరుపై వ్రాసుకోవాలని చెప్పాము. “అయితే కొలిచినాకే దిగమను” అన్నదామె.

అతడు విశాఖకు వెళ్ళాడు. తెలియని దానికి తల ఊపే అలవాటును మేము మానుకొన్నాము.